ఎదురుచూడమన్న మాట ఎవరిది?

పోయిన వారం టీచరు బొనారియాను మనం కంప్యూటర్ల గదిలో, చేతిలో తుడుపుగుడ్డతో నిలబెట్టి వచ్చాం. బడిలోని పాత కంప్యూటర్లన్నీ తీసేయించి పిల్లలందరికీ కొత్త ట్యాబ్లెట్లు ఇస్తామని ఒక పెద్ద కంపెనీ ముందుకొచ్చిందనీ, వాటి గొప్ప చెప్పడానికి సముద్రం అవతలి తూరినో నగరం నుంచి ఒక మనిషి వస్తున్నాడనీ ఆమెకు తెలుసు. ఆ మనిషి బస్తియాను అని మాత్రం తెలియదు. ఒకప్పుడు ఆమెతో కలిసి ఆ గదిని నిలబెట్టినవాడు, ఆమెను పెళ్లి చేసుకోవలసినవాడు, పదేళ్ల కిందట ఓల్బియా రేవులో ఓడెక్కి వెళ్లి మళ్లీ మా సార్డీనియా దీవి వైపు తొంగిచూడనివాడు, ఇప్పుడు మెడకు టై కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“నమస్కారం మేడమ్. నా పేరు సెబస్తియానో లొద్దో. మీ సమయం కొంత తీసుకోవచ్చునా?” అన్నాడతను, శుద్ధమైన ఇటాలియన్‌లో.

బొనారియా జవాబు చెప్పేలోపే అతని వెనకనుంచి ఒక నవ్వు వినిపించింది. బడి ఆయా అస్సుంతా నీళ్ల బకెట్ కింద పెట్టింది. మా లొరునె ఊళ్లో వయసు మళ్లిన ఆడవాళ్లందరినీ త్సియా అనే పిలుస్తాం. ఆమె పిల్లలకూ టీచర్లకూ కూడా త్సియా అస్సుంతాయే.

“ఓరి నీ టై తగలెయ్య! సెబస్తియానో అంట, విన్నావుటమ్మా? చిన్నప్పుడు వీడి ముక్కు నా కొంగుతో తుడిచాను. నాకూ ఒక విజిటింగ్ కార్డు ఇచ్చి పో, దొరా!” అంది మా దీవి మాట సార్డులో. తర్వాత గొంతు తగ్గించి, “మీ అమ్మ పొద్దుట్నించీ కులుర్జోనెస్ కుడుములు ఒత్తుకుంటూ కూచుంది. ముందెళ్లి తిను. చిక్కిపోయావు” అని బకెట్ ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఇద్దరే మిగిలారు.

“కూర్చో. ఆ కుర్చీయే. ఇంకా ఊగుతూనే ఉంది” అంది బొనారియా, సార్డులోనే.

అతను కూర్చున్నాడు. కుర్చీ ఊగింది. ఒక్క క్షణం ఆ ముఖంలో పాత బస్తియాను తొంగిచూసి మాయమయ్యాడు. గోడ వెంబడి బల్లల మీద కంప్యూటర్లు వరుసగా ఉన్నాయి. నూవొరొ పట్నంలో ఒక బ్యాంకు పాతవైపోయాయని పారేస్తుంటే వీళ్లిద్దరూ వెళ్లి అడిగి తెచ్చినవి అవి. గొర్రెల కాపరి బోరె జున్ను మోసే వ్యానులో ఎక్కించి కొండ మీదికి చేర్చారు. బ్యాంకువాళ్ల ఖరీదైన ప్రోగ్రాములన్నీ తుడిచేసి, ఎవరైనా ఊరికే తీసుకుని, విప్పి చూసి, తమకు కావలసినట్టు మార్చుకోగలిగిన లినక్స్ వాటిలో ఎక్కించారు. ఆ చలికాలమంతా యంత్రాలు వేడెక్కితే చాలు, గది గదంతా జున్ను వాసన కొట్టేది. పిల్లలకు ఆకలేసేది.

“వాసన పోయిందా?” అని అడిగాడు. ఇటాలియన్‌లోనే అడిగినా, మీరు అన్న మర్యాద మాత్రం పోయింది.

“జున్ను వాసన పోయింది” అంది బొనారియా.

అతను ఒక యంత్రాన్ని ఆన్ చేశాడు. అది మూలుగుతూ లేచింది. తెర మీద వరుసగా పదాలు తేలాయి. మా సార్డు పదాలు. బళ్లో, ఆఫీసుల్లో, బ్యాంకుల్లో ఇటాలియన్ తప్ప మరొకటి ఎరగని మా పిల్లలకు, వాళ్ల అవ్వ మాట యంత్రం మీద మొదటిసారి కనబడింది ఆ తెరల మీదే. బస్తియాను వేలు ఒక పదం దగ్గర ఆగింది.

“అల్లొగారె” అని పైకి చదివాడు.

“గుర్తుందా?”

గుర్తు లేకేం. రాసినదాన్ని పదిలపరచడానికి ఏ పదం పెట్టాలా అని ఇద్దరూ ఒక సాయంత్రమంతా పోట్లాడుకున్నారు. ఇటాలియన్‌లో ఉన్న పదాన్నే కొద్దిగా తిప్పి పెట్టేద్దామన్నాడతను. ఆ పదానికి రక్షించడం, ఉద్ధరించడం అని అర్థం. “మనమేమైనా పాపాత్ములకి మోక్షం ఇప్పిస్తున్నామా? మా అమ్మ రొట్టెలు చెక్కపెట్టెలో అల్లొగారె చేస్తుంది. రేపటికి ఉండాలని. ఇదీ అంతే కదా” అని ఆమె పట్టుబట్టింది. ఆ రాత్రి అతను ఆమెను ఇంటిదాకా దిగబెడుతూ చర్చి మెట్ల దగ్గర మొదటిసారి చెయ్యి పట్టుకున్నాడు.

“అప్పుడు నువ్వే గెలిచావు” అన్నాడు.

“నువ్వు ఊరుకున్నావు. గెలవలేదు నేను.”

బొనారియా తుడుపుగుడ్డ బల్ల మీద పెట్టింది.

“నేను ఒకటి అడుగుతాను బస్తియానూ. మన మాటలో జవాబు చెప్పు.”

“నాకిప్పుడు మన మాట సరిగా రాదు.”

“అబద్ధం చెప్పకు.”

“అబద్ధం కాదు. పదేళ్లుగా ఎవరితో మాట్లాడను? అమ్మతో ఫోన్లో ఆదివారం ఆదివారం. తిన్నావా, పడుకున్నావా, అంతే.”

“మరి ఇవి?” అంటూ ఆమె తెర మీద మరో పట్టిక తెరిచింది. “నువ్వు వెళ్లేటప్పటికి మనం సగమే సార్డులోకి మార్చాం. మిగతాదంతా ఇటాలియన్‌లోనే ఉండిపోయింది. నాకు ఇక దాని మీద కూర్చోవాలంటే మనసొప్పలేదు. అలా వదిలేశాను. మరుసటి ఏడాది లినక్స్ కొత్త కూర్పు దింపుకుంటే అందులో మనం రాయని మాటలు ఉన్నాయి. ఆ మరుసటి ఏడు ఇంకొన్ని. మనం అనువాదాలు పెట్టిన సైటులోనే పేరు పెట్టని మనిషెవరో రాస్తూనే ఉన్నారు. అలాంటిలాంటి సార్డు కాదు బస్తియానూ, ఈ కొండ మీది మాట. మన ఊరి పక్క యాస. పుస్తకాల్లో దొరకదు.”

అతను ముందుకు వంగి చూశాడు.

“ఇది చూడు.” ఆమె ఏదో పెద్ద బొమ్మ తెరవమని యంత్రానికి చెప్పింది. పాత యంత్రం తడబడింది. తెర మధ్యలో చిన్న చక్రం తిరగసాగింది. దాని కింద ఒకే ఒక మాట. ఇసెత్తా.

మా భాషలో ఆ మాటకు ఆగు అనీ అర్థమే, ఎదురుచూడు అనీ అర్థమే. మర్యాదలేమీ లేవు అందులో. దయచేసి కాసేపు వేచి ఉండండి అని ఆఫీసువాళ్లు అన్నట్టు కాదు. గడప దాటుతున్నవాళ్లు వెనక్కి తిరిగి, తమవాళ్లు అనుకున్నవారితో అనే మాట.

“ఈ యంత్రాలు ముసలివి” అంది బొనారియా. “రోజూ ఎన్నిసార్లు ఈ మాట కనిపిస్తుందో నీకేం తెలుసు. పిల్లలు విసుక్కుంటారు, టీచర్, మళ్లీ ఇసెత్తా అంటోంది అని. నేను ఎప్పుడూ విసుక్కోలేదు. మా పిన్ని సంబంధాలు తెచ్చింది. సెలవుల్లో చుట్టాలందరూ వచ్చి, ఇంకా ఎన్నాళ్లే అన్నారు. నేను ఇక్కడికొచ్చి యంత్రం ఆన్ చేసేదాన్ని. ఎదురుచూడమన్నావు కదా అని ఎదురుచూశాను.”

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఆ చూపును అతను తట్టుకోలేకపోయాడు. టై ముడి వదులు చేసుకున్నాడు. ఆ తర్వాత, ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి, తడబడుతూ సార్డులో అన్నాడు:

“అది నేను కాదు బొనారియా.”

యంత్రం అప్పటికి బొమ్మను తెరిచింది. తెర నిండా మా లొరునె చర్చి, గంట గోపురం, మొన్నటి పండగలో పిల్లలు తీసిన ఫొటో. ఇద్దరిలో ఎవరూ దాన్ని చూడలేదు.

“నిజంగానా?”

“నిజంగా. ఒక్క పదం కూడా రాయలేదు. తూరినో వెళ్లిన మొదటి ఏడాది ఆ సైటు తెరిచేవాణ్ణి. తెరిస్తే నీ పేరు కనబడేది, నువ్వు రాసిన పదాలు కనబడేవి. మూసేసేవాణ్ణి. తర్వాత తెరవడమే మానేశాను.” అతను ఆగి, ఆమె వైపు తిరిగాడు. “అవునని చెప్పమంటావా? నువ్వు అడిగితే చెప్పేస్తాను. నేనే రాశానని, నీ కోసమే రాశానని. కానీ రేపు నువ్వు ఇంకోటి అడుగుతావు. ఈ మాట ఎప్పుడు రాశావు, ఎక్కడ కూర్చుని రాశావు అని. నేను దొరికిపోతాను.”

“చెప్పకు” అంది ఆమె.

ఏడుస్తుందేమోనని అతను అనుకున్నాడు. ఆమె ఏడవలేదు. లేచి వెళ్లి కిటికీ తెరిచింది. బయట ఓక్ చెట్ల మీద పొగమంచు దిగుతోంది. ఎక్కడో మంద దిగుతున్న గంటల చప్పుడు. తన బతుకు ఇన్నేళ్లూ ఒక తప్పు చిరునామా పెట్టుకుని నడిచిందని ఆ క్షణంలో ఆమెకు అర్థమైంది. విచిత్రమేమిటంటే, తప్పని తెలిసినా ఆ నడక ఆగలేదు. అతని గొంతులో సార్డు మాట వినగానే గుండె ఎప్పటిలాగే కొట్టుకుంది. తన మీద తనకే కోపం వచ్చింది.

“అయితే ఎందుకొచ్చావు?” అని వెనక్కి తిరక్కుండానే అడిగింది. “తూరినోలో నీకు అమ్మేందుకు బళ్లు లేవా?”

“ఉన్నాయి. ఈ పక్కకి వేరే అతను రావాల్సింది. నేనే అడిగి తీసుకున్నాను.”

“ఎందుకు?”

“చూడాలనిపించింది.”

“ఏం చూడాలని? యంత్రాలు చచ్చాయా లేదా అనా?”

“నిన్ను.”

ఆమె కిటికీ మూసింది. “చూశావు కదా” అంది. “ఇప్పుడు నీ ట్యాబ్లెట్ల సంగతి చెప్పు.”

అతను నిట్టూర్చి బ్యాగు తెరిచాడు. అందులోంచి నల్లటి పలుచని ట్యాబ్లెట్ ఒకటి తీశాడు. గీటు కూడా పడలేదు దాని మీద. “ఇవి పిల్లలకి మంచివి బొనారియా. నువ్వు ఒప్పుకోకపోయినా మంచివే. మొదటి ఏడాది ఊరికే ఇస్తారు. తర్వాత తలకింత అని కట్టాలి, నిజమే. కానీ రేపు ఈ పిల్లలు నూవొరొ వెళ్తారు, కాల్యరి వెళ్తారు. ఆఫీసుల్లో అందరి దగ్గరా ఉండేది ఇదే. అక్కడ మా యంత్రంలో సార్డు ఉండేదండీ అంటే నవ్వుతారు.”

“నవ్వనీ. మన ఊరి గొనారియో కూతురు ఇక్కడ నేర్చుకుంది, ఇంటికెళ్లి వాళ్ల తాత పాత కంప్యూటర్లో ఇదే ఎక్కించుకుంది. ఎవరూ అడ్డుపడలేదు. ఇప్పుడు కాల్యరిలో చదువుతోంది, అక్కడ దేని మీదైనా రాస్తుంది. ఎలా రాయాలో వచ్చిన పిల్లకి ఏ యంత్రమైతేనేం? మీ దాంట్లో బడి వదలగానే పిల్లకి తలుపు మూసుకుంటుంది. అవునా కాదా?”

“అవును” అన్నాడతను.

“మన మాట ఉందా అందులో?”

“లేదు.”

“పెట్టుకోనిస్తారా?”

అతను తల అడ్డంగా ఊపాడు. “వాళ్ల తాళం వాళ్ల దగ్గరే ఉంటుంది. విప్పనివ్వరు.”

“నువ్వు అడిగావా వాళ్లని?”

“అడిగాను. మాట్లాడేవాళ్లు చాలా తక్కువమంది అన్నారు.” అతను ట్యాబ్లెట్‌ను మళ్లీ బ్యాగులో పెట్టాడు. “నేనూ వాళ్లల్లో ఒకణ్ణని చెప్పలేదు.”

అతను లేచాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. “ఆ రోజు రేవులో ఓడ కూత వేసేదాకా నీ కోసం చూశాను.”

“జూన్ దాకా ఆగమన్నాను. పని ముగించి ఇద్దరం వెళ్దామన్నాను.”

“నేను ఆగలేదు” అన్నాడు బస్తియాను. “ఆగాల్సింది.”

అతని అడుగులు వరండా చివరికి వెళ్లిపోయాయి. బొనారియా ఊగే కుర్చీలో కూలబడింది. ఇంకా వెచ్చగానే ఉంది.

*

తలుపు చప్పుడైంది. అతనే తిరిగొచ్చాడేమోనని ఆమె చటుక్కున తల ఎత్తింది. వచ్చింది హెడ్‌మిస్ట్రెస్ ఫిలొమెనా విర్దిస్.

విర్దిస్ గారి గురించి ఇంతకుముందు భాగాల్లో మీరు చదివే ఉంటారు. చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు. బూడిదరంగు కోటు, బిగించి కట్టిన జుట్టు, నవ్వు తక్కువ. బస్తియాను వెళ్లిన తర్వాత బదిలీ మీద మా బడికొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ బళ్లో ఆమె నోటివెంట ఇటాలియన్ తప్ప మరో మాట విన్నవాళ్లు లేరు. పిల్లలు వరండాలో సార్డు మాట్లాడితే కళ్లజోడు మీదుగా చూసేది, వాళ్లు టక్కున ఆపేసేవాళ్లు. ఈ ట్యాబ్లెట్ల బేరం తెచ్చిందీ ఆమే.

“పక్క గదిలో ఉన్నాను. గోడ పలుచనిది. వినకూడదనుకున్నాను, వినిపించింది. క్షమించండి” అంది విర్దిస్.

బొనారియాకు చెవులు వేడెక్కాయి. “ట్యాబ్లెట్ల మీద ఊరివాళ్లతో రేపు జరిగే సమావేశానికి కుర్చీలు వేయించమంటారా మేడమ్?”

“కుర్చీల సంగతి తర్వాత.” ఆమె తలుపు దగ్గరగా వేసింది. నెమ్మదిగా వచ్చి పిల్లలు కూర్చునే బల్ల మీద కూర్చుంది. హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీద కూర్చోవడం బొనారియా ఎప్పుడూ చూడలేదు. విర్దిస్ రెండుసార్లు గొంతు సవరించుకుంది. మూడోసారి ఆ గొంతులోంచి వచ్చింది ఇటాలియన్ కాదు.

“ఆ మాట నాదమ్మా” అంది.

సార్డు. ఈ కొండ పక్క యాసే. మడతపెట్టి ఎక్కడో అడుగున దాచిన బట్టలా, ఆ మాటకు కొత్త నలుగుడు పడలేదు.

బొనారియా కింద కుర్చీ ఊగింది.

“ఇక్కడికొచ్చిన మొదటి చలికాలం ఈ గదికి వచ్చి ఒక యంత్రం ముందు కూర్చున్నాను. సగం మన మాట, సగం ఇటాలియన్. సగం అల్లి వదిలేసిన తివాచీలా ఉంది. ఎవరో కడుపుమంటతో వదిలేశారని అప్పుడే అనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నాలు నాకు వేరే పనేం ఉండదు. మొగుడా, పిల్లలా? రాస్తూ కూర్చున్నాను.”

“మీరా?” అంది బొనారియా. “పిల్లల నోట సార్డు వినబడితే ముఖం చిట్లించే మీరా?”

“ముఖం చిట్లించేది భయంతో. వాళ్లు మాట్లాడుతుంటే నాకూ నోరు జారుతుందేమోనని భయం.” విర్దిస్ తన చేతుల వంక చూసుకుంది. “నాకు ఏడేళ్లప్పుడు అమ్మ నన్ను కాన్వెంటు బడి హాస్టల్లో వేసింది. గేటు దగ్గర వదిలి వెళ్తూ వెనక్కి తిరిగి ఒకటే మాట అంది. ఇసెత్తా. శనివారం వస్తానని చెప్పింది. శుక్రవారం కబురొచ్చింది, అమ్మ పోయిందని. నేను ఏడుస్తూ మన మాటలో ఏదో అడిగాను. అక్కడి సిస్టరు, ముందు ఇటాలియన్‌లో అడుగు అంది. అడగడం రాలేదు నాకు. తర్వాత నేర్చుకున్నాను. ఎంత బాగా నేర్చుకున్నానంటే, అమ్మ మాట మాట్లాడేందుకు ఇక ఎవరూ లేకుండా పోయారు.”

గదిలో చీకటి పడుతోంది. ఇద్దరిలో ఎవరూ లేచి దీపం వెయ్యలేదు.

“ఆ మాట మీ కోసం రాయలేదు బొనారియా” అంది విర్దిస్. “మీరు ఇన్నేళ్లూ అలా అనుకున్నారని ఇప్పుడే విన్నాను. తెలిసుంటే వచ్చి చెప్పేదాన్ని. అది మా అమ్మకి రాసుకున్నాను. నేను ఎదురుచూస్తూనే ఉన్నానమ్మా అని.”

బొనారియా లేచి వెళ్లి ఆమె పక్కన బల్ల మీద కూర్చుంది. చెయ్యి పట్టుకోవాలనిపించింది. హెడ్‌మిస్ట్రెస్ చెయ్యి పట్టుకోవడం ఎలాగో తెలియక ఆమె కోటు అంచు పట్టుకుంది.

“అలాంటప్పుడు ఇదంతా ఎలా తుడిపించేస్తున్నారు మేడమ్? మీ చేత్తోనే?”

“బడి కోసం.” ఆ మాట విర్దిస్ గట్టిగా అంది, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. “పిల్లలు తగ్గిపోయారు. మీకు తెలుసు. మన బడిని కొండ కింద మారెద్ద ఊరి బడిలో కలిపేయాలని జిల్లావాళ్లు ఎప్పట్నుంచో చూస్తున్నారు. ఈ కొండ మలుపుల్లో మంచు పడితే బస్సు నడవదు, మన పిల్లలు ఎలా వెళ్తారు? కాళ్లావేళ్లా పడితే ఒక దారి చెప్పారు. ట్యాబ్లెట్లకి ఒప్పుకో, ఆధునికమైన బడి అని చూపిస్తాం, ముయ్యం అన్నారు. మాట బతకాలంటే ముందు మాట్లాడే పిల్లలు ఊళ్లో ఉండాలి కదా. నేను బడిని ఎంచుకున్నాను.”

“నాకెందుకు చెప్పలేదు?”

“మీరు పోట్లాడతారు. మీరు పోట్లాడితే నేను ఓడిపోతాను.” ఆమె బల్ల మీంచి దిగి కోటు సర్దుకుంది. మళ్లీ ఇటాలియన్‌లోకి మారింది. “రేపు ఉదయం చేతులెత్తమన్నప్పుడు మీరు ఎత్తండి. నా కోసం కాదు. పిల్లల కోసం.”

ఆ రాత్రి బొనారియా నిద్రపోయిందో లేదో నేను చెప్పలేను. తెల్లవారి ఆమెను చూసినవాళ్లు మాత్రం, జ్వరం పడి లేచినట్టుంది అన్నారు.

*

మర్నాడు పొద్దున బడి హాలు నిండిపోయింది. తడిసిన ఉన్ని కోట్ల వాసన, దగ్గులు, చంటిపిల్లల గోల. ముందు వరసలో జిల్లా నుంచి వచ్చిన అధికారి కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన విర్దిస్, నిటారుగా. బస్తియాను తల్లి పండగ శాలువా కప్పుకుని వచ్చింది, కొడుకు మాట్లాడతాడని. రెండో వరసలో బొనారియా. ఆమెకు అటూ ఇటూ ఎవరూ కూర్చోలేదు. ఈపాటికి త్సియా అస్సుంతా పుణ్యమా అని సగం ఊరికి సగం కథ తెలుసు.

అధికారి లేచి ఇటాలియన్‌లో చక్కగా మాట్లాడాడు. భవిష్యత్తు, ప్రగతి, అవకాశం. మా ఊరివాళ్లు చర్చిలో ప్రసంగం విన్నట్టు తలవంచుకుని విన్నారు. అంతా అయ్యాక వెనకనుంచి గొర్రెల కాపరి బోరె చెయ్యెత్తాడు. అప్పట్లో కంప్యూటర్లను జున్ను వ్యానులో మోసినవాడే.

“ఏడాది ఊరికే ఇస్తారా?”

“ఊరికే” అన్నాడు అధికారి.

“నేనూ కొత్త పొట్టేలుకి మొదట ఉప్పు ఊరికే నాకిస్తాను” అన్నాడు బోరె. “తర్వాతే కదా తాడు వేసేది.”

హాలంతా నవ్వింది. బస్తియాను తల్లి నవ్వలేదు. “నోర్ముయ్యవయ్యా బోరె, మా వాణ్ణి మాట్లాడనీ” అని గదమాయించింది.

అధికారి బస్తియాను వైపు చెయ్యి చూపించాడు. “సెబస్తియానో గారు ఇప్పుడు మీకు స్వయంగా చూపిస్తారు.”

బస్తియాను లేచి నిలబడ్డాడు. ఈరోజు టై లేదు. రాత్రంతా మేలుకున్నవాడి కళ్లు. చేతిలో ట్యాబ్లెట్ ఉంది, కానీ దాన్ని ఆన్ చెయ్యలేదు. బొనారియా వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఊరంతటినీ చూస్తూ మాట్లాడాడు, మా మాటలో. పదాలు వెతుక్కుంటూ, కొన్నిచోట్ల తప్పులు మాట్లాడుతూ.

“నాకు మాట మొద్దుబారింది, ఏమనుకోకండి. నిన్న సాయంత్రం అమ్మ వండింది తిని, ఈ ట్యాబ్లెట్లు ఎప్పుడు పంపాలో కనుక్కుందామని మా గోదాముకి ఫోన్ చేశాను. లొరునెకి ఎన్ని కావాలి అని అడిగాను. ఈ ఏడాదికి ఇన్ని అన్నారు. మరి వచ్చే ఏడాది అంటే, అవతలివాడు నవ్వాడు.”

“సెబస్తియానో గారూ, ఇటాలియన్‌లో చెప్పండి, అందరికీ అర్థమయ్యేట్టు” అన్నాడు అధికారి.

“అందరికీ అర్థమవుతోందయ్యా, నీకు తప్ప” అన్నాడు బోరె.

బస్తియాను ఆగలేదు. “వచ్చే ఏడాది ఇవన్నీ తీసుకెళ్లి మారెద్ద బడిలో పెట్టమని జిల్లావాళ్లు ఎప్పుడో చెప్పేశారంట. లొరునె పిల్లల్ని కూడా మారెద్ద లెక్కలోనే కలిపి చెప్పారంట. సెప్టెంబరు నుంచి లొరునె బడి అంటూ ఏదీ లేదంట. ఈ సంగతి ఊళ్లో అనకు, ఒప్పందం అయ్యేదాకా నోరు మూసుకో అని మా పైవాళ్లు తెల్లవారగానే నాకు ఫోన్ చేశారు.” అతను ట్యాబ్లెట్‌ను బల్ల మీద పెట్టాడు. “ఈ మాట అన్నాక నాకక్కడ పని ఉండదు. ఉండకపోతే పోనీ. మీరు చేతులెత్తినా మూస్తారు, ఎత్తకపోయినా మూస్తారు.”

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఎవరో తల్లి ఒళ్లోని పిల్లను గట్టిగా హత్తుకుంది. వెనక బెంచీ ఒకటి కింద పడింది. గొంతులు ఒక్కసారిగా లేచాయి.

బొనారియా చూపు మాత్రం విర్దిస్ మీదే ఉంది. విర్దిస్ ముఖం తెల్లగా పాలిపోయింది. బడి కోసం తల్లి మాటను కూడా వదులుకోవడానికి సిద్ధపడ్డ మనిషి. ఆ బడిని ఆమె చేతుల్లోంచి ముందే లాగేసుకుని, ఆమె చేతనే ఊరిని ఒప్పించబోయారు.

అధికారి తన కాగితాలు సర్దుకున్నాడు. “ఇదంతా అపార్థం. తర్వాత రాతపూర్వకంగా వివరిస్తాం” అంటూ లేచి తలుపు వైపు నడిచాడు. జనం దారి ఇవ్వబోయారు. పెద్దమనిషికి దారి ఇవ్వడం మాకు అలవాటు.

ఆయన కంటే ముందు విర్దిస్ తలుపు దగ్గరికి చేరింది. ఆమె అంత వేగంగా నడవడం మా ఊళ్లో ఎవరూ చూడలేదు. తలుపుకి వీపు ఆనించి నిలబడి, ఊరంతా వినేట్టు, మొదటిసారి మా అందరి ముందూ సార్డులో అడిగింది:

“అతను చెప్పింది నిజమా?”

చంటిపిల్లలు కూడా ఊరుకున్నారు.

అధికారి విసుగ్గా వాచీ చూసుకున్నాడు. “ఇటాలియన్‌లో అడగండి మేడమ్” అన్నాడు.

విర్దిస్ చెయ్యి వెనక్కి వెళ్లింది. తలుపు గడియ పడిన చప్పుడు ఊరంతా విన్నాం.